విమ్‌లో ఫైలు సేవ్ కావడం లేదు, బయటికి రావడం లేదు: ముందు కీబోర్డు భాష చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువారి కంప్యూటర్లలో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు కీబోర్డులు మూడూ ఉండడం మామూలే. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, ఫైళ్లు దిద్దే ప్రోగ్రాం విమ్. అది మొరాయిస్తే నేను ముందుగా అనుమానించేది కీబోర్డు భాషనే.

సమస్య: ఎస్కేప్ నొక్కి కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టినా చలనం లేదు.

కారణం: కీబోర్డు తెలుగులో ఉండిపోయింది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో షిఫ్ట్‌తో కోలన్ మీట నొక్కితే వచ్చేది "ఛ". ఒడియాకు మార్చినా అంతే, ఆ లిపిలోని ఛ వస్తుంది. భారతీయ లిపులకు ఇన్‌స్క్రిప్ట్ ఉమ్మడి అమరిక కదా. విమ్‌కు ఆ ఛతో పని లేదు, దానికి కోలనే కావాలి.

పరిష్కారం: ఇంగ్లీషుకు మార్చి, ఎస్కేప్ నొక్కి, కోలన్ కొట్టండి. అది తెర అడుగు వరుసలో కనబడితేనే డబ్ల్యూ, క్యూ, ఎంటర్. ఫైలు మధ్యలో పడిందంటే ఎస్కేప్ సరిగా పడలేదన్నమాట. అలా పడిన చెత్తను ఎస్కేప్ తర్వాత చిన్న "యు" నొక్కి వెనక్కి తీయండి. సెట్టింగుల ఫైలులో ఒక్క ఛ మిగిలినా ఆ ప్రోగ్రాం మొదలు కాకపోవచ్చు.

సమస్య: E37 అనే ఎర్రర్ చూపి వెళ్లనివ్వడం లేదు.

దాచని మార్పులున్నాయి. కావాలంటే డబ్ల్యూ, క్యూ. అక్కర్లేదంటే క్యూ పక్కన ఆశ్చర్యార్థకం.

సమస్య: E45 లేదా E212 ఎర్రర్.

మొదటిది ఫైలు చదవడానికే తెరిచారని, రెండోది అక్కడ రాయడం కుదరలేదని. E212 సాధారణంగా అనుమతి లేకనే వస్తుంది, ఎన్ని ఆశ్చర్యార్థకాలు పెట్టినా లాభం లేదు. కోలన్, డబ్ల్యూ, ఖాళీ, టిల్డ, స్లాష్, ఏదో కొత్త పేరు కొట్టి మీ హోమ్ ఫోల్డరులో దాచుకోండి. తర్వాత క్యూ, ఆశ్చర్యార్థకంతో బయటపడి, సుడోతో (అడ్మిన్ అధికారంతో ఆదేశం నడిపే కమాండు) ఆ నకలును అసలు చోటికి చేర్చండి.

సమస్య: తెర బిగుసుకుపోయింది.

అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారు. చాలా టెర్మినళ్లలో అది సేవ్ కాదు, తెరను ఆపేస్తుంది. కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. కంట్రోల్ జెడ్ నొక్కి బయటికి వచ్చామనుకోవడం ఇంకో పొరపాటు. విమ్ వెనకాల ఆగి ఉంటుంది, ఎఫ్‌జీ అని కొడితే తిరిగి వస్తుంది.

సమస్య: కరెంటు పోయి వచ్చాక E325 హెచ్చరిక.

అది స్వాప్ ఫైలు గురించి, అంటే మీరు రాస్తుండగా విమ్ పక్కన ఉంచుకునే తాత్కాలిక ఫైలు గురించి. అదే ఫైలు మరో టెర్మినల్‌లో తెరిచి లేదని నిర్ధారించుకుని "ఆర్" నొక్కండి. తిరిగొచ్చిన రాత చదివి చూసి దాచండి. మళ్లీ తెరిచినప్పుడు అదే హెచ్చరిక వస్తే, ఈసారి "డి" నొక్కి స్వాప్ ఫైలును తీసేయండి.