కొండముచ్చు పిల్ల క్లోజప్‌లో కళ్లు బాగా రావాలంటే

నల్లమలలో కొండముచ్చు పిల్లల్ని ఫొటో తీసేవాళ్లకి ఒక మాట. పుట్టిన కొత్తలో పిల్ల ఒళ్లు దాదాపు నల్లగా, మొహం పాలిపోయినట్టు ఉంటుంది. తల్లిది దానికి పూర్తిగా రివర్స్, ఒళ్లు బూడిద రంగు, మొహం నలుపు. అంతా కెమెరాకే వదిలేస్తే ఎండలో మెరిసే తల్లి ఒళ్లు చూసి అది వెలుగు తగ్గించేస్తుంది, చివరికి పిల్ల కళ్లున్న చోట రెండు నల్ల మచ్చలే మిగులుతాయి. అందుకని స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి పిల్ల మొహం మీదే కొలవండి, ఆ లేత రంగు కోసం ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) ప్లస్ 0.7 దాకా పెంచండి.

ఫోకస్ మాత్రం మనకి దగ్గరగా ఉన్న కంటి మీదే. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 400 ఎంఎం లెన్సు పెట్టి 6 మీటర్ల నుంచి లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్/5.6లో తీస్తే షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 7 సెంటీమీటర్లే, అంటే పిల్ల కాస్త ముందుకో వెనక్కో జరిగితే కళ్లు మసకే, కాబట్టి వెలుగుంటే రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్/8కి వెళ్లండి. కంటి ఆటోఫోకస్‌ని గుడ్డిగా నమ్మొద్దు, అది ఒక్కోసారి తల్లి కన్ను పట్టుకుంటుంది. షటర్ వేగం 1/1000 సెకను ఉంటే నయం, ఆ పిల్లలు క్షణం కుదురుగా ఉండవు.

మిట్టమధ్యాహ్నం ఎండలో కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది. పొద్దున్నే తీయండి, లేదా మబ్బు పట్టినప్పుడు. పిల్ల కళ్ల ఎత్తుకి వంగి తీస్తే కంట్లో ఆకాశం మెరుపు కూడా దొరుకుతుంది. ఫ్లాష్ వద్దు, అరటిపళ్లు ఎరవేయడం అసలే వద్దు. తల్లి పిల్లని పొట్టకి హత్తుకుని అటు తిరిగిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, వెనక్కి జరగండి.