వెంచర్‌లో ఒంటరి ఇల్లు: గడ్డి మంటలు, పొగ మధ్య ఎండాకాలం ఎలా గడపాలి

శ్రీశైలం రోడ్డులో తుక్కుగూడ దాటి, కందుకూరు వైపు లోపలికి వస్తే మా వెంచర్. ప్లాట్లు రెండొందల పైనే, కట్టిన ఇళ్లు మాత్రం తొమ్మిది. మిగతాదంతా నడుమెత్తు గడ్డి, తంగేడు, సర్కారు తుమ్మ, అక్కడక్కడా తాటిచెట్లు. శివరాత్రి నాటికి ఆ గడ్డి చేత్తో నలిపితే పొడైపోతుంది. మేం వచ్చి ఆరేళ్లయింది, మంట చూడని ఎండాకాలం లేదు. ఎవరో పారేసిన బీడీ ముక్క, చెత్తకు పెట్టిన నిప్పు, యాసంగి కోతలయ్యాక పక్క పొలాల్లో కాల్చే వరికొయ్యలు, ఏదో ఒకటి. సిటీ నుంచి ఇలాంటి చోటికి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు పని ఫిబ్రవరిలోనే అయిపోవాలి. ఇంటి చుట్టూ ముప్పై అడుగుల దాకా గడ్డి కోయిస్తాం. ప్రహరీ పక్కన ఆరడుగుల వెడల్పున మట్టి తేలేదాకా పారతో చెక్కిస్తాం. కోసిన గడ్డిని బర్రెల వాళ్లు తీసుకుపోతారు. అక్కడే కుప్పేసి కాల్చనివ్వకండి, మా వెనక వీధిలో ఒకసారి మంట లేచింది అలాగే. పక్క ప్లాట్ల ఓనర్లు సిటీలోనో అమెరికాలోనో ఉంటారు. జనవరిలోనే ఫోటో పంపి "అన్నా, మీ ప్లాట్‌లో గడ్డి కోయించమంటారా" అని అడిగితే ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. మేడ మీది ఎండుటాకులు, గోడకు ఆనించిన కర్రలు కూడా తీసేయండి. మంట ఇంకా దూరంగా ఉండగానే గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలు పడేది వాటి మీదే.

గేటు తాళం సంగతి మాత్రం అనుభవం మీదే తెలిసింది. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో సాయంత్రం మంట లేస్తే 101కి ఫోన్ చేశాం. ఫైరింజన్ వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. వాచ్‌మన్ అన్న పెళ్లికని ఊరెళ్లాడు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. మావారు గడ్డపారతో తాళం విరగ్గొట్టేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో మంట రెండు వీధులు దాటింది. ఇప్పుడు ఒక తాళంచెవి మా గుమ్మం వెనక మేకుకు వేలాడుతోంది, ఇంకోటి మొదటి వీధి వాళ్లింట్లో ఉంది. రోడ్డు నుంచి గేటుకు ఎలా రావాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. ఆ టెన్షన్‌లో దారి సరిగ్గా చెప్పలేం.

మంట మోకాలెత్తు దాటితే దగ్గరికి పోవద్దు. చిన్నదైతే గాలి మన వీపుకు తగిలేలా, కాలి నల్లబడిన నేల మీద నిలబడి తడి గోనెసంచులతో, వేపకొమ్మలతో కొట్టాలి. ఒంటి మీద కాటన్ బట్టలే ఉండాలి. కరెంటు పోతే మోటార్ నడవదు కాబట్టి రెండు డ్రమ్ముల నీళ్లు ఎప్పుడూ నింపి ఉంచండి.

మంట గంటలో ఆరిపోతుంది, పొగే తెల్లవార్లూ ఉంటుంది. మా అత్తమ్మకు ఆయాసం. మొదటి ఏడాది మంట ఆరింది కదా అని కూలర్ వేసుకుని పడుకున్నాం. రాత్రి రెండింటికి ఆమె మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి లాగుతోంది. కిటికీకి పెట్టిన కూలర్ బయటి పొగనంతా గదిలోకి తోడిపోస్తోందని అప్పుడు తెలిసింది. తడి గడ్డి ప్యాడ్లు దుమ్మును కొంత ఆపుతాయి గానీ పొగలోని సన్నటి కణాలను ఆపలేవు. పీఎం 2.5 అంటారే, అవి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు.

పొగ రాగానే ముందు కూలర్ ఆపండి. ఒక గది ఎంచుకుని కిటికీలు మూసి, తలుపు కింద తడి టవల్ పెట్టండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది కాబట్టి వేసుకోవచ్చు. హెపా ఫిల్టర్ (సన్నటి కణాలను కూడా పట్టే జల్లెడ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే ఆ గదిలోనే పెట్టండి. ఆ పూట అగరొత్తులు, దోమల కాయిల్, వేపుళ్లు వద్దు. బయటికి పోవాల్సొస్తే తడి కర్చీఫ్ సరిపోదు, ముక్కు దగ్గర తీగ నొక్కి ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. ఏసీ లేకపోతే, నలభై రెండు డిగ్రీల ఎండలో మూసిన గది కూడా ప్రమాదమే. మేం అత్తమ్మను దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపడుచు ఇంటికి పంపేస్తాం. మార్చిలోనే డాక్టరును అడిగి ఇంకో ఇన్హేలర్ తెచ్చిపెట్టుకుంటాం. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆలోచించకుండా 108కి చేయాలి.

గాలి నాణ్యత చూడడానికి సమీర్ యాప్ ఉంది. అయితే సనత్‌నగర్, సోమాజిగూడ లాంటి చోట్ల కొలిచిన అంకెలు మా వీధి పొగను చెప్పవు. నేను మేడెక్కి చెరువుగట్టు మీది తాటిచెట్లు చూస్తాను. మొదళ్లు కనబడకపోతే కిటికీ తెరవను. చల్లగా ఉంటుందని తెల్లవారుజామునే కిటికీలు తెరవడం మనకు అలవాటు. కానీ చల్లగాలిలో పొగ పైకి లేవక నేలకు దగ్గరగా నిలుస్తుంది, ఎండ ముదిరాకే తేలిపోతుంది.

మర్నాడు బూడిదను చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. కూలర్ ప్యాడ్లు మార్చండి, ట్యాంకు మూత చూడండి. కాలిన చోట తాటి మొద్దులు, పెంటకుప్పలు లోపల్లోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటాయి. పోయినేడు మూడో రోజు సాయంత్రం ఒక మొద్దు మీద చెయ్యి ఆనించబోతే వేడి తగిలింది. బిందె నీళ్లు పోస్తే లోపల సుయ్యిమంది. గడ్డపారతో కెలికి ఇంకో రెండు బిందెలు పోశాకే ఆవిరి ఆగింది.