గ్రాఫిక్స్ కార్డు కొనేముందు స్పెసిఫికేషన్స్ ఎలా చదవాలి?

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా పిన్ని కొడుకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి "అన్నయ్యా, 4 జీబీ కార్డు వేయించా, అయినా టైమ్‌లైన్ ముక్కుతూనే ఉంది" అన్నాడు. వెళ్లి చూస్తే జీటీ 730 కార్డు, అదీ డీడీఆర్3 అనే నెమ్మదైన రకం మెమరీది. డబ్బా మీద 4 జీబీ అని అరచెయ్యంత అక్షరాలు, డీడీఆర్3 అని మాత్రం పక్కన చీమంత. పిల్లోడు కష్టపడి సంపాదించిన డబ్బులు, చాలా బాధేసింది. అందుకే ఇది రాస్తున్నా, జీబీ ఒక్కటి చూసి కార్డు కొనకండి.

స్టెప్ 1: షాపుకి వెళ్లకముందే మీ సీపీయూ డబ్బా విప్పండి

కార్డు తర్వాత, ముందు ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) చూడాలి. దాని స్టిక్కర్ మీద 450 వాట్స్ అని పెద్దగా ఉంటుంది, దాన్ని వదిలేసి +12 వోల్ట్ అనే గడిలో ఎన్ని ఆంపియర్లు రాశాడో చూడండి, ఎందుకంటే కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా తినేది ఆ లైన్లోదే. మావాడి దాంట్లో 16 ఆంపియర్లు ఉంది, 12తో గుణిస్తే 192 వాట్లు, అంతే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, ఇంక ప్రాసెసర్‌కి ఏం మిగుల్తుంది చెప్పండి?

మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్ల వరకే వస్తుంది, 6 పిన్ వైరుతో ఇంకో 75, 8 పిన్ అయితే 150. మీ ఎస్‌ఎంపీఎస్‌కి ఆ వైర్లు లేవంటే సాటా పిన్ (హార్డ్ డిస్కుకి కరెంటిచ్చేది) నుంచి మార్చే కన్వర్టర్ వైరు ఇస్తామంటారు, దయచేసి తీసుకోకండి, ఆ పిన్ అంత కరెంటు మోయలేదు, వేడెక్కి కరిగిపోవచ్చు. యూపీఎస్ కూడా చూస్కోండి, మన ఇళ్లల్లో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, సిస్టమ్ అంతకన్నా ఎక్కువ లాగుతుంటే గేమ్ మధ్యలో కరెంటు పోగానే అది కూడా టక్కున ఆగిపోతుంది.

టేపు పెట్టి స్లాట్ వెనక రేకు నుంచి ముందు ఫ్యాన్ దాకా కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోండి, కార్డు పొడవు స్పెసిఫికేషన్స్‌లో ఉంటుంది. ఇంకోటి, మన గుంటూరు ఎండల్లో కంప్యూటర్ టేబుల్ కింద మూసేసిన అరలో సీపీయూ పెడితే ఎంత మంచి కార్డైనా వేడికి స్పీడు తగ్గించుకుంటుంది, బయటికి తీసి పెట్టండి.

స్టెప్ 2: పేరు చివరి అక్షరం దాకా చదవండి

ఒకే పేరుతో వేరే వేరే కార్డులు ఉంటాయి, జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. జీటీ 1030లో జీడీడీఆర్5 రకం సెకనుకి 48 జీబీ డేటా లాగుతుంది, డీడీఆర్4 రకం 16.8 మాత్రమే. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే, 8 జీబీ దాంట్లో 2560 కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు), 6 జీబీ దాంట్లో 2304, కాబట్టి తేడా 2 జీబీ ఒక్కటే అనుకోవద్దు.

కోర్లు కూడా ఒకే జనరేషన్ కార్డుల మధ్యే పోల్చాలి. ఆర్‌టీఎక్స్ 3060లో 3584, దాని తర్వాతి జనరేషన్ ఆర్‌టీఎక్స్ 4060లో 3072 ఉన్నాయి, అయినా చాలా గేమ్స్‌లో 4060యే ముందుంటుంది.

స్టెప్ 3: బస్ చూసి లెక్క కట్టండి

మెమరీ అంటే నీళ్ల ట్యాంకు, బస్ అంటే దానికి బిగించిన పైపు అనుకోండి, ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నగా ఉంటే బిందె నిండదు. బస్ బిట్లని 8తో భాగించి మెమరీ స్పీడుతో గుణించండి. 4060కి బస్ 128 బిట్లు, మెమరీ స్పీడు 17 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు), అంటే 16 ఇంటూ 17, సెకనుకి 272 జీబీ. మావాడి 64 బిట్ జీటీ 730కి 14.4! అందుకే ముక్కింది.

అలాగని జీబీకి విలువ లేదని కాదు, మెమరీ నిండిపోతే డేటా మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అప్పుడు బొమ్మ ఆగి ఆగి కదుల్తుంది. 1080పీ (ఫుల్ హెచ్‌డీ)లో కొత్త గేమ్స్ ఆడేవాళ్లు 8 జీబీకి తగ్గొద్దనేది నా మాట.

స్టెప్ 4: స్లాట్, ప్రాసెసర్

స్లాట్ పొడవుగా ఉందని సరిపెట్టుకోకండి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే కార్డు వాడేది 4 లేన్లే (స్లాట్‌లో డేటా పోయే దారులు), పాత పీసీఐఈ 3.0 (నెమ్మదైన పాత తరం స్లాట్) బోర్డులో పెడితే బాగా దెబ్బతింటుంది. ప్రాసెసర్ మరీ పాతదైతే పెద్ద కార్డు పెట్టినా ఖాళీగా కూర్చుంటుంది, డబ్బు దండగ.

స్టెప్ 5: బిగించాక

మానిటర్ వైరు మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టండి, ఇది చాలామంది మర్చిపోతారు. తర్వాత జీపీయూ-జెడ్ (GPU-Z) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి మెమరీ రకం, బస్ బిట్లు డబ్బా మీద ఉన్నవాటితో సరిచూడండి. బిల్లు మీద మోడల్ పేరు పూర్తిగా, సీరియల్ నంబరుతో సహా రాయించుకోండి.

మావాడు ఆ జీటీ 730 అమ్మేసి, ఇంకొంచెం కలిపి, విడిగా పవర్ వైరు అక్కర్లేని 70 వాట్ల 3050 6 జీబీ వేసుకున్నాడు, ఇప్పుడు టైమ్‌లైన్ ఆగకుండా నడుస్తోంది.