వరస ఓటముల్లో బేస్‌బాల్ మేనేజర్: ఏ లక్షణానికి ఏ మందు

క్రికెట్‌లో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో, ఏ ఓవర్ ఎవరికివ్వాలో కెప్టెన్ చూసుకుంటాడు. బేస్‌బాల్‌లో ఆ పెత్తనమంతా డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, కూర్చున్న మేనేజర్‌ది. బ్యాటింగ్ వరస ఆయనే రాస్తాడు, అలసిన పిచర్ (బంతి విసిరేవాడు) చేతిలోంచి బంతి ఆయనే తీసుకుంటాడు, ఆట అయ్యాక విలేకరులకు జవాబు చెప్పేదీ ఆయనే. అమెరికా మేజర్ లీగ్‌లో ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. ఓడిన జట్టుకి తీరిగ్గా తప్పులు దిద్దుకునే వారం దొరకదు, మర్నాడు సాయంత్రమే మళ్ళీ ఆట. ఏడో ఎనిమిదో వరసగా పోయాయంటే అందరి కళ్ళూ మేనేజర్ మీదే. అరుస్తాడా, నవ్విస్తాడా, ఊరుకుంటాడా, అసలు ఉంటాడా?

అరుపూ నవ్వూ తర్వాత. ఆ ఓటమి ఏ జాతిదో ముందు తేల్చుకోవాలి.

లక్షణం: ఐదారు పోయాయి, కానీ అన్నీ ఒకటి రెండు రన్‌ల తేడాతోనే

కారణం చాలాసార్లు ఏమీ ఉండదు. లెక్క వేసి చూడండి. సరిగ్గా సగం ఆటలు గెలిచే జట్టంటే నాణెం లాంటిది. ఆ నాణేన్ని 162 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరసగా ఐదు బొరుసులు పడే అవకాశం 100కి 90 పైనే. ఆరు పడే అవకాశం కూడా 70 దాటుతుంది. ఇంకా బలహీనంగా, 100కి 40 గెలిచే జట్టయితే సీజన్‌లో ఒకసారి పది వరసగా పోగొట్టుకునే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు.

మందు: కొట్టిన రన్‌లనీ ఇచ్చిన రన్‌లనీ పక్కపక్కన పెట్టి చూడటం. తేడా పెద్దగా లేకపోతే ఉన్నదాన్ని కదపకూడదు. చెప్పడం తేలికే, పదివేల మంది అరుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. ఏదో ఒకటి చేసి తీరాలనిపిస్తే బిల్లీ మార్టిన్ చేసింది చేయవచ్చు. మార్టిన్ మహా కోపిష్టి. 1972లో డెట్రాయిట్ టైగర్స్ ఓడుతూ పోతుంటే ఒకరోజు ఆటగాళ్ళ పేర్లు టోపీలో వేసి, చీటీలు తీసి, ఆ వరసలోనే బ్యాటింగ్‌కి దింపాడు. ఆ మ్యాచ్ గెలిచారు. 1977లో న్యూయార్క్ యాంకీస్ 2 గెలుపులు, 8 ఓటములతో సీజన్ మొదలుపెట్టినప్పుడు మళ్ళీ అదే పని, ఈసారి చీటీలు తీసింది ఆటగాడు రెగీ జాక్సన్. అదీ గెలిచారు, ఆ ఏడు వరల్డ్ సిరీస్ (అక్టోబర్‌లో జరిగే లీగ్ ఫైనల్) కూడా కొట్టారు. టోపీలో మహిమేమీ లేదు. 'మీలో ఎవరినీ నేను తప్పుపట్టడం లేదు' అన్న మాట ఉపన్యాసం లేకుండా చేరిపోయింది, అంతే.

లక్షణం: గెలవాల్సిన జట్టే ఓడుతోంది, మేనేజర్ నిమిషానికోసారి లేస్తున్నాడు

నా లెక్కన అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, దీనికి పేరుపడ్డ రోగి ఫిలడెల్ఫియా ఫిలీస్ మేనేజర్ జీన్ మాక్. 1964 సెప్టెంబర్ 20 నాటికి ఇంకా 12 ఆటలుండగా ఫిలీస్ పట్టికలో ఆరున్నర ఆటల ముందున్నారు (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేస్తారు, అందుకే ఆ అర). మర్నాడు సిన్సినాటి మీద 0-1తో ఓడారు, ఆ ఒక్క రన్ కూడా చికో రూయిజ్, ఎవరూ బంతి కొట్టకుండానే, రన్ పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాకా దొంగతనంగా పరిగెత్తి తెచ్చింది. ఒక్క ఓటమి, అంతే. కానీ మాక్‌కి భయం పట్టుకుంది. జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్ అనే ఇద్దరు మంచి పిచర్లను రెండేసి రోజుల విశ్రాంతితోనే మళ్ళీ మళ్ళీ దింపాడు. అలసిన చేతుల్లోంచి బంతులు తేలిపోయాయి. వరసగా పది ఆటలు పోయాయి. చివరికి సెయింట్ లూయిస్ కార్డినల్స్ కంటే ఒకే ఒక్క ఆట వెనక మిగిలారు.

విచిత్రం ఏమిటంటే ఈ మాకే మూడేళ్ళ ముందు, 1961లో, ఇంతకంటే పెద్ద గండం దాటాడు. అప్పుడు ఫిలీస్ వరసగా 23 ఆటలు ఓడారు. 1900 తర్వాత ఒకే సీజన్‌లో అంత పొడుగు వరస ఇంకెవరికీ లేదు. ఆ జట్టు మీద ఎవరికీ ఆశల్లేవు కాబట్టి మాక్ తొందరపడలేదు, యాజమాన్యమూ అతన్ని తీసేయలేదు. ఆశ ఉన్నప్పుడే చేతులు వణికాయి.

మందు: పిచర్ల వంతులు ప్రశాంతంగా ఉన్న రోజునే కాగితం మీద రాసి పెట్టుకోవడం, ఓటమి రోజున ఆ కాగితం ముట్టుకోకపోవడం. వంతు తప్పించడం ఎప్పుడూ తప్పని కాదు. అక్టోబర్‌లో రేపన్నది లేని ఆటల్లో ఎవరి చేతికైనా బంతి ఇవ్వవచ్చు. సెప్టెంబర్‌లో రేపు ఉంటుంది.

లక్షణం: ఓడినా ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు

2011 సెప్టెంబర్ మొదట్లో బోస్టన్ రెడ్ సాక్స్‌కి ప్లేఆఫ్ బెర్తు ఖాయమే అనుకున్నారు, టాంపా బే రేస్ తొమ్మిది ఆటలు వెనకుంది. ఆ నెలలో 7 గెలిచి 20 ఓడి, ఆఖరి రోజు రాత్రి బెర్తు జారవిడుచుకున్నారు. తర్వాత బయటికొచ్చిన సంగతి ఊరంతా నవ్వుకుంది: తమ వంతు లేని రోజుల్లో కొందరు పిచర్లు ఆట జరుగుతుండగానే క్లబ్‌హౌస్‌లో వేయించిన కోడి తింటూ, బీరు తాగుతూ, వీడియో గేములు ఆడుకునేవాళ్ళట. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా 2004, 2007లో ఆ జట్టుకి రెండు వరల్డ్ సిరీస్‌లు తెచ్చిన మనిషి. ఆటగాళ్ళను పెద్దమనుషుల్లా చూడటం అతని పద్ధతి. అదే మెతకతనం అయిపోయిందని తేల్చి పంపించారు.

ఇక్కడ రోగం సగమే పసిగట్టారు. మెతకవాడు చెడగొట్టాడు కాబట్టి గట్టివాడు కావాలనుకుని 2012కి బాబీ వాలెంటైన్‌ని తెచ్చారు. ఏప్రిల్ గడవకముందే అతను తన జట్టు ఆటగాడు కెవిన్ యూకిలిస్‌కి ఆట మీద మునుపటి శ్రద్ధ లేదన్న అర్థంలో టీవీలో మాట్లాడాడు. ఇక్కడ మా పద్ధతి ఇది కాదని ఇంకో ఆటగాడు డస్టిన్ పెడ్రోయా విలేకరుల ముందే తిప్పికొట్టాడు. ఇంట్లో గొడవ వీధికెక్కాక సర్దుబాటు ఏముంది? 69 గెలుపులు, 93 ఓటములు, అట్టడుగు స్థానం. సీజన్ అవుతూనే వాలెంటైన్ కూడా వెళ్ళిపోయాడు.

మందు 2013లో దొరికింది. జాన్ ఫారెల్ వచ్చాడు. ఫ్రాంకోనా కింద ఆ జట్టు పిచర్లకే కోచ్‌గా చేసినవాడు. ఎవరి బలహీనత ఏమిటో, ఎవరితో ఏ గదిలో మాట్లాడాలో ముందే తెలుసు. ఆటగాళ్ళలోనూ కొంతమందిని మార్చారు. 97 గెలుపులు, వరల్డ్ సిరీస్. గట్టిగా మాట్లాడటం తప్పు కాదు, నలుగురిలో మాట్లాడటమే తప్పు. మన ఇళ్ళలో పెళ్ళీడు పిల్లవాణ్ణి చుట్టాల ముందు తిడితే ఏమవుతుందో అదే అయింది.

లక్షణం: మేనేజర్ అంపైర్ మీద విరుచుకుపడ్డాడు

అత్త మీద కోపం దుత్త మీద. 2007 జూన్ 1న షికాగో కబ్స్ డగౌట్‌లో పిచర్ కార్లోస్ జాంబ్రానో, అతని బంతులు అందుకునే క్యాచర్ మైకేల్ బారెట్ కొట్టుకున్నారు. మర్నాడు మేనేజర్ లూ పినెల్లా మూడో బేస్ దగ్గర అంపైర్ మీదికి మట్టి తన్ని బయటికి గెంటించుకున్నాడు. ఆ రోజూ ఓడారు, లెక్క 22-31 (22 గెలుపులు, 31 ఓటములు). తర్వాత తిరిగి లేచి, 85 గెలుపులతో డివిజన్ (లీగ్‌లో తమ విభాగం) గెలుచుకున్నారు. మట్టి తన్నినందుకే గెలిచారని చెప్పే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. నేను నమ్మను. ఆ నెలలోనే బారెట్‌ని వేరే జట్టుకి పంపేశారు, అసలు మందు అది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను: విలేకరులు ఆటగాళ్ళ కొట్లాట వదిలేసి పినెల్లా వెంట పడ్డారు. ఆ మేరకు మట్టి పనిచేసింది. ఏడాదికి ఒక్కసారే సుమా.

లక్షణం: మంచివాళ్ళంతా గాయాలతో బయట, చివరి ఇన్నింగ్స్‌లలో ఆధిక్యం కరిగిపోతోంది

2019 మే 23. వాషింగ్టన్ నేషనల్స్ న్యూయార్క్‌లో మెట్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడి 19-31కి దిగారు. మేనేజర్ డేవ్ మార్టినెజ్‌ని ఈ వారమే తీసేస్తారని అందరూ రాశారు. సీజన్ మొదట్లోనే ట్రే టర్నర్ వేలు విరిగింది, ఇంకొందరు ముఖ్యులు తలా కొన్ని వారాలు దూరమయ్యారు, బుల్‌పెన్ పిచర్లు (ఆట మధ్యలో దిగేవాళ్ళు) లీగ్ మొత్తంలోనే నాసి. అంటే కారణం కళ్ళెదుటే ఉంది, అది మేనేజర్ గొంతులో లేదు. జట్టు కూర్పు చూసే పై అధికారి, జనరల్ మేనేజర్, మార్టినెజ్‌ని కదపలేదు. మార్టినెజ్ కొత్త సిద్ధాంతాలేవీ తేలేదు. ఇవాళ్టి లెక్క 1-0 చేద్దాం అని రోజూ ఒకటే మాట. గాయపడినవాళ్ళు తిరిగొచ్చారు. మిగతా 112 ఆటల్లో 74 గెలిచారు. అక్టోబర్‌లో బుల్‌పెన్ లోటు కప్పడానికి ఆట మొదలుపెట్టే పిచర్లనే మధ్యలో దింపాడు. వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో మధ్యలో వచ్చి గెలుపు ఖాతాలో వేసుకున్న పాట్రిక్ కార్బిన్ అలాంటివాడే. రేపు లేని ఆట కదా, అప్పుడు సరైందే.

లక్షణం: 'ముందు మేనేజర్‌ని తీసేయండి'

ఇది పనిచేసిన సందర్భాలున్నాయి. 2022 జూన్‌లో ఫిలీస్ 22-29 మీద జో జిరార్డిని పంపించి, నెమ్మదస్తుడైన రాబ్ థామ్సన్‌కి పగ్గాలిచ్చారు. అతని మొదటి ఎనిమిది ఆటలూ గెలుపే, ఆ ఏడు వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు. 2003లో ఫ్లోరిడా మార్లిన్స్ 72 ఏళ్ళ జాక్ మెకీన్‌ని తెచ్చి ఏకంగా కప్పు కొట్టారు. రెండు జట్లలోనూ సరుకుంది.

సరుకు లేకపోతే? 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ ఆరు ఓటములకే కాల్ రిప్కెన్ సీనియర్‌ని తీసేశారు, కొడుకులిద్దరూ అదే జట్టులో ఆడుతుండగా. ఆ చోటికి ఫ్రాంక్ రాబిన్సన్ వచ్చాడు, ఇంకో 15 ఓడాడు. మొత్తం 21. మరుసటి ఏడు అదే రాబిన్సన్ 87 గెలిచి అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అయ్యాడు, ఎందుకంటే మధ్యలో కుర్రాళ్ళతో జట్టునే మార్చారు. 2024లో షికాగో వైట్ సాక్స్ కూడా 21 ఓడి, పెడ్రో గ్రిఫోల్‌ని పంపి, చివరికి 121 ఓటములతో ఆగారు.

తీసేసే ముందు అడగాల్సింది ఒకటే: ఈ ఆటగాళ్ళకి ఇంతకంటే మంచి లెక్క రావాలా? రావాలంటే మార్చండి. లేదంటే అరిజోనా చేసినట్టు చేయండి. డైమండ్‌బ్యాక్స్ 2021లో వరసగా 17, పరాయి మైదానాల్లో వరసగా 24 ఓడినా టోరీ లోవులోని ఉంచుకున్నారు. 2023లో అతనే వాళ్ళని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్ళాడు.

లక్షణం: యజమానే దిగాడు

1977 మేలో అట్లాంటా బ్రేవ్స్ వరసగా 16 ఓడారు. యజమాని టెడ్ టర్నర్ మేనేజర్ డేవ్ బ్రిస్టల్‌ని కొత్త ఆటగాళ్ళను చూసి రమ్మని ఊరు పంపించి, తనే యూనిఫాం వేసుకుని పిట్స్‌బర్గ్‌లో డగౌట్‌లో కూర్చున్నాడు. 1-2తో పదిహేడోది పోయింది. జట్టులో వాటా ఉన్నవాడు మేనేజర్‌గా కూర్చోకూడదన్న నిబంధన చూపించి లీగ్ అధ్యక్షుడు మర్నాడు ఆపేశాడు. మందు లీగే వేసింది. బ్రిస్టల్ ఇంకా తిరిగి రాలేదు, కోచ్ వెర్న్ బెన్సన్ ఆ ఒక్కరోజుకి కూర్చున్నాడు, గెలిచారు. మేజర్ లీగ్ మేనేజర్‌గా బెన్సన్ లెక్క ఇప్పటికీ అంతే: 1-0.