ఒకప్పటి కస్టమర్‌కి సున్నా వడ్డీ ఆఫర్ వర్తిస్తుందా? అప్లై చేసే ముందే ఇలా చూసుకోండి

2019లో చదువుకోవడానికి డాలస్ వచ్చినప్పుడు నాకు మొదటి క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకులోనే 2024లో మళ్ళీ అప్లై చేశాను. ఆ పాత కార్డును 2022లో నేనే మూయించాను. ఈసారి నాకు కావలసింది వాళ్ళు ప్రకటించిన 15 నెలల సున్నా వడ్డీ. అమ్మ ఆపరేషన్‌కి ఇండియా వెళ్ళొచ్చిన ఖర్చులతో వేరే బ్యాంకు కార్డు మీద 6,000 డాలర్ల బాకీ ఉంది. ఏడాదికి 24 శాతం, అంటే నెలకు దాదాపు 120 డాలర్లు వడ్డీకే పోతున్నాయి.

కార్డు వచ్చింది, కానీ పాత కస్టమర్‌ని కావడంతో సున్నా వడ్డీ రాలేదు. అప్లికేషన్‌లోనే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (పాత కార్డు బాకీని కొత్త కార్డుకు మార్చడం) వివరాలు నింపేశాను కాబట్టి బాకీ మామూలు వడ్డీ మీదే ఇటు వచ్చేసింది, పైగా 3 శాతం ఫీజు, 180 డాలర్లు. ఆ వారమంతా ఒకటే టెన్షన్. కార్డు మంజూరు కావడం వేరు, ఆఫర్ వర్తించడం వేరు. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది, అందుకే రాస్తున్నాను.

ముందు ఆఫర్ పేజీలో షరతుల లింకు తెరవండి. వడ్డీ రేట్ల పట్టిక దగ్గరే ఆగిపోకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదవండి. ‘ప్రస్తుతం ఖాతా ఉన్నవారికి లేదా గతంలో ఉన్నవారికి’ అనే అర్థం వచ్చే వాక్యం కోసం వెతకండి. అది ఈ ఒక్క కార్డు గురించా, ఆ బ్యాంకు ఇచ్చే ఏ కార్డు గురించైనానా? గతంలో ఎప్పుడు ఉన్నా కుదరదా, లేక 24 నెలలు, 48 నెలలు అని గడువు ఉందా? ఆపేది కొత్తగా కార్డు తీసుకున్నవాళ్ళకిచ్చే బోనస్‌నా, వడ్డీ రాయితీనా, రెండింటినీనా? బోనస్ రాకపోయినా సున్నా వడ్డీ ఇచ్చే కార్డులున్నాయి, రెండూ ఇవ్వనివీ ఉన్నాయి. గడువు దేని నుంచి లెక్కపెడతారో కూడా చూడండి. ఖాతా మూసిన రోజు నుంచి లెక్కించడం ఒకటి, పాత బోనస్ అందిన రోజు నుంచి లెక్కించడం ఇంకొకటి.

ఆ తేదీలు గుర్తులేకపోతే యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు క్రెడిట్ బ్యూరోల (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థల) రిపోర్టులూ ఉచితంగా తీసుకోండి. సక్రమంగా కట్టి మూసేసిన ఖాతా అందులో 10 ఏళ్ళ దాకా కనిపించవచ్చు. షాపుల కార్డులను మర్చిపోకండి. ముందు వైపు షాపు పేరు ఉన్నా, ఇచ్చిన బ్యాంకు పేరు వెనక వైపు ఉంటుంది. ఇల్లు మారినా, వీసా మారినా సోషల్ సెక్యూరిటీ నంబరు అదే కాబట్టి బ్యాంకు మిమ్మల్ని గుర్తుపడుతుంది.

తర్వాత ప్రీక్వాలిఫికేషన్ చేసుకోండి, అంటే అసలు అప్లికేషన్ పెట్టకుండానే కార్డు వచ్చే అవకాశం ఉందేమో చూసుకోవడం. దానివల్ల క్రెడిట్ స్కోరు తగ్గదు. అసలు అప్లికేషన్ పెడితే పడే హార్డ్ ఎంక్వయిరీ (బ్యాంకు మీ రిపోర్టు తెప్పించుకున్నట్టు నమోదు) మాత్రం రిపోర్టులో రెండేళ్ళు ఉంటుంది. బ్యాంకుకు ఫోన్ చేసి, ‘ఫలానా నెలలో మీ కార్డు మూయించాను, ఈ వడ్డీ ఆఫర్ నాకు వర్తిస్తుందా?’ అని సూటిగా అడగండి. కార్డు ఇస్తారా అని మాత్రమే అడిగితే దానికే జవాబు వస్తుంది. ఏం చెప్పినా, చివరికి నిలిచేది కార్డుతో వచ్చే అగ్రిమెంట్‌లో ఉన్న రేటే.

అందుకే ట్రాన్స్‌ఫర్ గడులను అప్లికేషన్‌లో ఖాళీగా వదిలేయండి. అగ్రిమెంట్‌లో సున్నా శాతం కళ్ళతో చూశాకే బాకీ మార్చండి, కానీ ఆలస్యం చేయకండి. చాలా కార్డుల్లో ఖాతా తెరిచిన 60 రోజుల్లోనో, 4 నెలల్లోనో మార్చిన బాకీకే ఆ రేటు ఇస్తారు. పొరపాటున ట్రాన్స్‌ఫర్ వివరాలు ముందే ఇచ్చేసి ఉంటే వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి. కొన్ని బ్యాంకులు కొత్త ఖాతా నుంచి డబ్బు పంపడానికి కొన్ని రోజులు ఆగుతాయి, ఆలోపు ఆపించుకోవచ్చు. నేను స్టేట్‌మెంట్ వచ్చేదాకా చూసుకోలేదు.

చివరికి మా ఆయన పేరు మీద, తనకు ఎప్పుడూ ఖాతా లేని బ్యాంకులో అప్లై చేశాం. వాళ్ళు నా పేరు మీది బాకీని తీసుకుంటారని ముందే అడిగి తెలుసుకున్నాం, అలా తీసుకోని బ్యాంకులూ ఉన్నాయి. అప్పు ఇక తన పేరు మీదకు వెళ్తుంది కాబట్టి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాకే సంతకం పెట్టారు. ఈలోపు పడిన వడ్డీ కట్టేసి 6,180 మార్చాం. మళ్ళీ 3 శాతం ఫీజు పడి 6,365 అయింది. ఇక్కడా సున్నా వడ్డీ 15 నెలలే కాబట్టి 15తో భాగించి నెలకు 425 డాలర్లకు ఆటోపే పెట్టాం. అమెరికా 2009 కార్డ్ చట్టం ప్రకారం, కట్టాల్సిన నెలవారీ కనీస మొత్తం 60 రోజులకు మించి ఆలస్యమైతే తప్ప, చెప్పిన గడువు ముగిసేలోపు ఆ సున్నా వడ్డీని బ్యాంకు తీసేయడానికి లేదు.