కార్న్ స్నేక్ పిల్లలు తినకపోతే, కక్కితే, కుబుసం ఊడకపోతే

అమెరికాలో కార్న్ స్నేక్ (విషం లేని పెంపుడు పాము) గుడ్లు పొదిగించిన మనవాళ్ల కోసం ఇది. (ఇండియాలో దేశీ పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అక్కడ ప్రయత్నించకండి.) పిల్లలు బయటికొచ్చిన రోజే ఒక్కోదాన్ని విడి డబ్బాలో వేసి మూత మీద నంబరు రాయండి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి మింగే ప్రమాదం ఉంది. నంబరుకో కాగితం పెట్టి బరువు, తల మీద మచ్చ ఆకారం, తిన్న తేదీ రాసుకోండి. ఏ సమస్య వచ్చినా ముందు చూడాల్సింది ఆ కాగితమే.

తిండి ముట్టడం లేదు

పుట్టి ఎన్నాళ్లయిందో చూడండి. వారం, పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా కడుపులో మిగిలిన సొనతోనే గడిపేస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. కుబుసం విడిచాక కూడా తినకపోతే చాలాసార్లు కారణం చలి, లేదా బెదురు. డబ్బాలో ఒక పక్క 29 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 24 దాకా ఉండాలి. డబ్బా కింద పెట్టే హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ (వేడి మితిమీరకుండా ఆపేది) లేకపోతే పిల్ల ఒళ్లు కాలొచ్చు.

వేడి సరిపోయాక, ఫ్రీజర్‌లోని పింకీని (బొచ్చు రాని ఎలుక పిల్ల) వేడి నీళ్లలో వెచ్చబరిచి, పాము పిల్లతో కలిపి గాలి రంధ్రాలున్న బుల్లి డబ్బాలో రాత్రంతా చీకట్లో వదిలేయండి. మూత తీసి తొంగిచూడకండి. మా ఇంట్లో సగం పిల్లలు నేను నిద్రపోయాకే తిన్నాయి. అయినా వద్దంటే పింకీకి బల్లి వాసన పట్టించండి, బయట ఈ పిల్లలు బల్లుల్ని కూడా తింటాయి కదా. నోట్లో కుక్కే పని మాత్రం పశువైద్యుడికి వదిలేయండి.

ఫోన్‌లో మా అమ్మమ్మ "పాలు పోయరా" అంటుంది. పోయకండి, పాలు వాటికి అరగవు.

తిన్నది కక్కేసింది

ఎర మరీ పెద్దదై ఉండొచ్చు, డబ్బా చల్లగా ఉండొచ్చు, లేదా తిన్న రెండు రోజుల్లోపే మీరు దాన్ని చేతిలోకి తీసుకుని ఉండొచ్చు. పాపం ఆకలేమోనని నేను మర్నాడే మళ్లీ పెట్టాను, మళ్లీ కక్కింది. పది రోజులు నీళ్లు మాత్రమే ఉంచి, తర్వాత ఇంకా చిన్న పింకీ ఇవ్వండి. మళ్లీ కక్కితే డాక్టరే.

కుబుసం ముక్కలుగా ఊడుతోంది

గాలి పొడిగా ఉంది. చలికాలం ఇంట్లో హీటర్ వేస్తే మామూలే. తడి నాచు నింపిన చిన్న గూడు పెట్టండి. తోక చివర ఉంగరంలా మిగిలితే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తీసేయాలి, లేదంటే రక్తం ఆగి కొస చచ్చిపోతుంది. కంటి మీది పొర మాత్రం లాగొద్దు.

డబ్బా ఖాళీ

పెన్సిల్ దూరేంత సందు చాలు వాటికి. ఫ్రిజ్ వెనక వెచ్చటి చోటు చూడండి.

రాసిన రంగు తప్పయింది

మీ దగ్గర పిల్లల్ని కొన్నవాళ్లు "మీరు చెప్పిన రంగు ఇది కాదు" అంటారు. మొదటి కుబుసానికి ముందే, పసుపు బల్బు కింద చూసి రాస్తే ఇలాగే అవుతుంది. మామూలు పిల్లలు కూడా మొదట్లో బూడిద రంగులోనే కనిపిస్తాయి, నారింజ తర్వాత వస్తుంది. అందుకే చాలామంది వాటిని అనెరీ (ఒంట్లో ఎరుపు రంగు లేని రకం) అనుకుంటారు. మెడ మీద మచ్చల మధ్య చూడండి: నారింజ ఛాయ ఉంటే మామూలుదే. అమెల్ అనే రకం అయితే ఒంట్లో నలుపే ఉండదు, కళ్లు ఎర్రగా ఉంటాయి. కుబుసం విడిచాక పగటి వెలుతురులో ఫొటో తీసి, కనిపించిందే రాయండి. ఆడో మగో తేలకపోతే కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేయండి.