టీవీ చర్చలో అభ్యర్థి మాట పట్టుకోవడం ఎలా

కాగితం మీద రెండు గడులు గీయండి: అడిగిందేమిటి, చెప్పిందేమిటి. విజయవాడ అభ్యర్థిని "బుడమేరు గట్ల పని ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగారనుకోండి. జవాబులో నెల, సంవత్సరం ఉండాలి. "2024 వరదల్లో సింగ్‌నగర్ జనం పడ్డ బాధ నాకు తెలుసు, అసలు మీ హయాంలో మీరేం చేశారు?" అన్నారంటే ముందు జాలి, వెంటనే ఎదురుదాడి. రెండో గడి ఖాళీగా వదిలేయండి. యాంకర్ అదే ప్రశ్న మళ్లీ వేయకపోతే (చాలాసార్లు వేయరు) అభ్యర్థి గట్టెక్కినట్టే.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. "గుంటూరులో కుళాయి కనెక్షన్లు రెట్టింపు చేశాం" అంటే ఏ ఏడాదితో పోల్చి? 100 కాస్తా 200 అయినా రెట్టింపే, 50,000 కాస్తా లక్ష అయినా రెట్టింపే. మొదటి అంకె దాటేశారంటే అనుమానించాల్సిందే. "జనమంతా అంటున్నారు" అన్నది లెక్కలోకే తీసుకోవద్దు.

అరుపులు మొదలైతే సౌండ్ తగ్గించండి. గొంతు పెద్దదైతే వాదనలోనూ బలముందనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే 30 సెకన్ల ముక్క చూసి రాసుకుంటే మాత్రం పని చెడుతుంది. అందులో తరచూ ప్రశ్నే కోసేసి ఉంటుంది. పూర్తి చర్చ యూట్యూబ్‌లో దొరికితే ప్రశ్న దగ్గర్నుంచి చూడండి.